వాచీ కౌంటర్ దగ్గర జర పైలం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోస. వాచీకి దెబ్బ తగిలింది చేతి మీద ఉన్నప్పుడు కాదు, షోరూమ్‌లో అమ్మేవాళ్ల చేతుల్లో ఉన్నప్పుడు. పెండ్లిళ్లకని హైదరాబాద్ దాకా పోయి లక్షలు పెట్టి తెచ్చుకున్నవాళ్లు రాశారు, ఊళ్లోనే సెల్లు మార్పించుకున్నవాళ్లు రాశారు, షోరూమ్‌లో పనిచేసే ఒక తమ్ముడు కూడా రాశాడు. షాపుల పేర్లు తీసేశాం. తప్పు ఏ పనిలో, ఎట్లా జరిగిందన్నదే ఇక్కడ మాటలాడుకుందాం.

ప్రశ్న (మిర్యాలగూడ): అల్లునికి పెట్టడానికని హైదరాబాద్‌ల లక్షా నలభై వేలు పోసి స్టీలు చైను ఆటోమేటిక్ వాచీ తీసుకున్నం. చైను వదులైతుందంటే షోరూమ్ పిలగాడు లోపలికి తీస్కపోయి ఐదు నిమిషాల్ల మూడు లింకులు తీసి తెచ్చిచ్చిండు. ఇంటికొచ్చినంక చూస్తే చైను పక్క అంచు మీద రెండు గీతలు, ఒక పిన్ను సగం గోరంత బయటికి తేలి ఉంది. ఫోన్ చేస్తే 'వాడితే గీతలు పడ్తయి గద సార్' అంటున్నరు. వాచీ ఇంకా డబ్బల నుంచి తియ్యనే లేదు.

జవాబు: గీత మొదలు ఎక్కడుందో చూడండి, అదే మీ సాక్ష్యం. వాడకంతో వచ్చే గీతలు లాక్ మీద, చెయ్యి టేబుల్‌కు ఆనే చోట, వెంట్రుకల్లా సన్నగా అడ్డదిడ్డంగా ఉంటాయి. పిన్ను రంధ్రం అంచున మొదలై ఒక పక్కకు జారినట్టు సాగిన గీత మాత్రం పనిముట్టు జారితేనే పడుతుంది. చైను పక్క అంచు మీద వాడకం గీత పడటం తక్కువ. భూతద్దంతో చూసి, పక్క నుంచి టార్చి వెలుతురు పడేటట్టు పెట్టి ఫోటో తీసుకోండి. ఎదురుగా ఫ్లాష్ కొడితే గీత కనబడదు.

పిన్ను తేలడం గీత కన్నా పెద్ద సంగతి. గీత అందం చెడగొడుతుంది, తేలిన పిన్ను ఒకరోజు వాచీనే కింద పడేస్తుంది. అది తేలడానికి కారణాలు మూడు ఉంటాయి. చైను లోపలి వైపు, చర్మానికి తగిలే చోట, కొన్ని లింకుల మీద చిన్న బాణం గుర్తులుంటాయి. పిన్నును ఆ బాణం చూపే దిక్కుకు కొట్టి తీయాలి, తిరిగి పెట్టేటప్పుడు బాణానికి ఎదురు దిక్కు నుంచి తొయ్యాలి. చీలిక ఉన్న పిన్ను అయితే చీలిక లేని కొన ముందు, చీలిక ఉన్న కొన చివరన లోపలికి పోవాలి. దిక్కు తారుమారైతే పిన్ను పట్టు వదిలి, రంధ్రం కూడా కొంచెం పెద్దదవుతుంది. రెండోది, కొన్ని కంపెనీల చైన్లలో లింకు నడుమ బియ్యపు గింజ కంటే చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. పిన్నును పట్టి ఉంచేది అదే. పిన్ను తీయగానే అది జారి కింద పడుతుంది, చాలామంది చూసుకోరు. గొట్టం లేకుండా పెట్టిన పిన్ను వేలితో నెట్టినా కదులుతుంది. మీది అట్లా కదిలితే అనుమానం అక్కర్లేదు, ఆ గొట్టం ఆ షోరూమ్ నేల మీదే ఎక్కడో ఉంది. మూడోది, వంగిన పిన్నునే మళ్లీ కొట్టి దించడం.

మీది పిన్ను కాకుండా స్క్రూ చైను అయితే లెక్క వేరు. స్క్రూ గాడి వెడల్పుకు సరిగ్గా సరిపోయే బ్లేడు కావాలి, ఎక్కువ చైన్లకు 1.2 నుంచి 1.6 మి.మీ. మధ్య ఉంటుంది. సన్న బ్లేడుతో తిప్పితే గాడి నలిగిపోతుంది, బ్లేడు ఎగిరి పక్కన గీత పెడుతుంది. కంపెనీ బిగించేటప్పుడు స్క్రూ మరకు జిగురు రాస్తుంది కాబట్టి ముందు కొంచెం వేడి చూపించాలి, హెయిర్ డ్రయర్ గాలి చాలు. తిరిగి బిగించేటప్పుడు లాక్‌టైట్ 222 లాంటి తక్కువ పట్టు జిగురు ఒక చుక్క మరకు రాయాలి. ఎక్కువ పట్టు ఉండే ఎర్ర రకం వాడితే తర్వాత వచ్చేవాడు స్క్రూ తల తెగ్గొట్టుకుంటాడు. రాయకపోతే నెలా రెండు నెలల్లో స్క్రూ దానంతటదే వదులవుతుంది.

ఇది ఐదు నిమిషాల పనే. కానీ చైనును ప్లాస్టిక్ పట్టులో నిలబెట్టి, పిన్ను కంటే సన్నని పంచ్ పెట్టి, ఇత్తడి గాని నైలాన్ గాని తల ఉన్న చిన్న సుత్తితో కొట్టినప్పుడు మాత్రమే. గుండుసూదితో తోసేవాడికీ, పట్టకారుతో లాగేవాడికీ ఐదు నిమిషాలే పడుతుంది, అదే తంటా. లింకులు రెండు వైపుల నుంచీ తీయాలి. మూడు తీస్తే సాధారణంగా 6 అంకె వైపు నుంచి రెండు, 12 వైపు నుంచి ఒకటి. అన్నీ ఒకే వైపు తీస్తే లాక్ మణికట్టు పక్కకు వచ్చి కూర్చుంటుంది. తీసిన మూడు లింకులు, వాటి పిన్నులు మీ చేతికి వచ్చాయా? రాకపోతే ఇప్పుడే అడగండి. రేపు చెయ్యి లావెక్కితే అవి విడిగా కొనాల్సి వస్తుంది, ఒక్కో లింకు వేలల్లో పలుకుతుంది.

'పాలిష్ చేసి ఇస్తం' అంటే ఒప్పుకోవద్దు. గరుకు గీతల మెరుపు ఉన్న చోట షోరూమ్ వాడు గుడ్డ చక్రం పెడితే అది అద్దంలా మారి మిగతా చైనుతో కలవదు. ఆ లింకులనే మార్చి ఇమ్మని అడగండి. ఇంకా తొడగని వాచీకి అది న్యాయమైన కోరికే.

ప్రశ్న (మహబూబ్‌నగర్): రాత్రి తొమ్మిదిన్నరకు షాపు మూసే ముందర వాచీ కొన్న. సేల్స్ అబ్బాయి తేదీ సరిచేస్తుంటే కటుక్కుమని చప్పుడైంది. ఇప్పుడు తేదీ పగలు పన్నెండు గంటలకు మారుతుంది. ఒకోసారి రెండు అంకెల నడుమ ఆగుతుంది.

జవాబు: మీరు రాసినవి రెండు వేర్వేరు సంగతులు. పగలు పన్నెండుకు మారడం చెడిపోవడం కాదు, ముళ్లను పగలు రాత్రి తారుమారుగా పెట్టారు, అంతే. పన్నెండు గంటలు ముందుకు తిప్పితే సరి. అంకెల నడుమ ఆగడం మాత్రం ఆ చప్పుడు చేసిన పనే కావచ్చు.

మామూలు ఆటోమేటిక్ మిషన్లలో రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 వరకు తేదీ చక్రానికి లోపలి పళ్లు తగులుకొని ఉంటాయి, దాన్ని మెల్లగా నెడుతుంటాయి. ఆ వేళలో కీని మొదటి మెట్టుకు లాగి తేదీ తిప్పితే ఒకే చక్రాన్ని రెండు వైపుల నుంచి లాగినట్టవుతుంది. పంటి కొన విరగొచ్చు, వంగొచ్చు. ఈమధ్య వచ్చే కొన్ని మిషన్లలో రక్షణ పెట్టారు గాని మీ దాంట్లో ఉందో లేదో తెలియకుండా ప్రయోగం చేయొద్దు. ఇక్కడ 9 అంటే గోడ గడియారంలో తొమ్మిది కాదు, ఆ వాచీ ముళ్లు చూపే తొమ్మిది. ఆగిపోయిన వాచీకి పగలో రాత్రో తెలియదు కదా. అందుకే సరైన పద్ధతి ఇది: కీని చివరి మెట్టుకు లాగి ముళ్లను ముందుకు తిప్పుతూ పోతే ఎక్కడో తేదీ మారుతుంది, అది దాని అర్ధరాత్రి. అక్కడి నుంచి ఇంకా ముందుకు తిప్పి 6 మీద నిలపండి. ఇప్పుడు మొదటి మెట్టుకు తెచ్చి నిన్నటి తేదీ పెట్టండి. మళ్లీ చివరి మెట్టుకు లాగి ఇవాళ్టి తేదీ వచ్చేదాకా ముళ్లు తిప్పండి, ఆ తర్వాత అసలు టైముకు తెండి. మధ్యాహ్నం దాటి ఉంటే ఇంకో చుట్టు తిప్పాలి.

వారం రోజులు చూడండి. ఒక్క అంకె దగ్గరే ఆగి మిగతా రోజులు సరిగ్గా మారితే తేదీ చక్రం పన్ను పోయినట్టు, ఏ అంకె దగ్గరైనా ఆగుతుంటే దాన్ని నెట్టే వేలు లాంటి మీట దెబ్బతిన్నట్టు. ఈ ఒక్క ముక్క కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చెబితే వాళ్లకు సగం పని తగ్గుతుంది. వారంటీలో చేయాల్సిందే, అమ్మకం రోజునే షాపు చేతుల్లో జరిగిందని రాతపూర్వకంగా రాయించండి.

ప్రశ్న (సూర్యాపేట): కొని పది రోజులైంది. రోజుకు నాలుగైదు నిమిషాలు ముందుకు పోతుంది. 'కొత్తది కదా, సెట్ అయితది' అంటున్నరు. నిజమేనా?

జవాబు: కాదు. రోజుకు పది ఇరవై సెకన్ల తేడా అయితే కొన్నాళ్లు చూడమనొచ్చు. నిమిషాల్లో ముందుకు పోతోందంటే మొదటి అనుమానం అయస్కాంతం మీదే. వాచీ గుండెలో చుట్టలు చుట్టిన సన్న స్ప్రింగు ఉంటుంది. దానికి అయస్కాంతం పడితే చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్ప్రింగు పొట్టిదైనట్టే కాబట్టి చక్రం వేగంగా ఊగి వాచీ ముందుకు పరుగెత్తుతుంది.

షోరూమ్‌లో అయస్కాంతం ఎక్కడిదంటారా? బిల్లు కౌంటర్ దగ్గర దొంగతనం ట్యాగు విప్పే గుండ్రటి దిమ్మె చూశారు కదా, అది వేల గాస్‌ల అయస్కాంతం (గాస్ అంటే అయస్కాంత బలానికి కొలత). వాచీని దాని పక్కనే పెట్టి బిల్లు కొట్టే షాపులున్నాయి. కొన్ని గిఫ్టు డబ్బాల మూత, ట్యాబ్లెట్ కవర్, ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగు బటన్, ఫోన్ స్పీకరు కూడా అంతే. అయస్కాంతాన్ని తట్టుకుంటుందని చెప్పే వాచీకి కూడా ఐఎస్ఓ 764 అనే అంతర్జాతీయ ప్రమాణం అడిగేది మీటరుకు 4,800 ఆంపియర్లు, అంటే దాదాపు 60 గాస్‌లు మాత్రమే. ఒమేగా వాళ్ల మాస్టర్ క్రోనోమీటర్ వాచీలు 15,000 గాస్‌లను తట్టుకుంటాయి. సిలికాన్ స్ప్రింగు ఉన్నవాటికీ ఈ బాధ దాదాపు లేదు. అయస్కాంతం ప్రభావం దూరంతో చాలా త్వరగా తగ్గుతుంది, జానెడు దూరంలో ఉంటే భయం లేదు, ఆనుకుంటేనే ముప్పు.

పిల్లల బడి దిక్సూచి ఒకటి బల్ల మీద పెట్టి వాచీని మెల్లగా దాని అంచు చుట్టూ తిప్పండి. ముల్లు చటుక్కున తిరిగితే అయస్కాంతం పట్టినట్టే. ఫోన్‌లోని దిక్సూచిని నమ్మొద్దు, ఫోన్‌లోనే అయస్కాంతాలున్నాయి. విరుగుడు సులువు, పది సెకన్ల పని. అయస్కాంతం తీసే పరికరం మీద వాచీ పెట్టి, బటన్ నొక్కి పట్టుకొని, వాచీని నిలువుగా మెల్లగా మూరెడు ఎత్తుకు లేపి, అప్పుడు బటన్ వదలాలి. వాచీ ఇంకా దగ్గరుండగానే బటన్ వదిలేస్తే ముందుకన్నా ఎక్కువ పడుతుంది. షాపుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. ఒకసారితో పోకపోతే రెండు మూడు సార్లు చేయించండి. అయినా ముందుకే పోతుంటే కింద పడి స్ప్రింగు మెలిక పడిందేమో చూడాలి, అది విప్పి చేసే పని.

ప్రశ్న (నాగర్‌కర్నూల్): నీళ్లను 200 మీటర్ల దాకా తట్టుకుంటుందని రాసిన వాచీ. కొన్న వారంకే చేతులు కడిగితే అద్దం లోపల ఆవిరి పట్టింది. నీళ్లు లోపలికి పోయాయి కాబట్టి వారంటీ లేదంటున్నారు. ఇంట్లోవాళ్లు బియ్యంలో పెట్టమంటున్నారు.

జవాబు: బియ్యంలో పెట్టొద్దు. బియ్యం మూసి ఉన్న వాచీ లోపలి తడిని పీల్చలేదు, దాని పిండి మాత్రం కీ సందుల్లో చేరుతుంది. ధాన్యం మిల్లుల గడ్డ మీద బియ్యానికి ఎంత మర్యాద ఉన్నా వాచీ వైద్యానికి అది పనికిరాదు. ఎండలో, స్టవ్ దగ్గర పెట్టడం ఇంకా తప్పు. వేడికి లోపలి నీరు ఆవిరై డయల్ మీద, ముళ్ల మీద పరుచుకుంటుంది. వెనక మూత విప్పగలిగే మంచి మెకానిక్ దగ్గరికి ఆ రోజే తీసుకుపోండి. తడి ఒకటి రెండు రోజులు లోపలుంటే ఉక్కు ఇరుసులకు తుప్పు మొదలవుతుంది.

200 మీటర్లని రాసిన వాచీలకు ఎక్కువగా మర తిప్పి బిగించే కీ ఉంటుంది. షోరూమ్‌లో వాచీ చూపించేటప్పుడు టైము పెట్టడానికి ఆ కీని విప్పుతారు, లోపలికి నొక్కుతారు, మర బిగించడం మరిచిపోతారు. పైకి చూస్తే మూసినట్టే ఉంటుంది. ఇంకొందరు మరను వంకరగా ఎక్కించి బలంగా బిగిస్తారు, ఒక చుట్టు తిరిగి గట్టిపడగానే అయిపోయిందనుకుంటారు. సరైన పద్ధతి: కీని మెత్తగా నొక్కి, ముందు ఎడమకు తిప్పాలి. 'టక్' అని మర అంచు దిగిన చిన్న అనుభూతి వేలికి తెలుస్తుంది. అప్పుడు కుడికి తిప్పితే వెన్నలా దిగుతుంది, రెండు మూడు చుట్లు పోతుంది. గట్టిగా అనిపిస్తే ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. పూర్తిగా బిగిసిన కీకి, వాచీ అంచుకు నడుమ గోరు దూరదు. కొన్న చోటే ఇది చూసుకోవాలి.

మీరు వారంటీ గురించి వాదించాలంటే సర్వీస్ సెంటర్‌ను రెండు అడగండి. ఒకటి, కీ గొట్టం మర చెడిందా లేదా భూతద్దంతో చూసి రాసివ్వమనండి. మర వంకరగా తెగి ఉంటే, ఆ కీని మీరు ముట్టలేదంటే, వేలు షోరూమ్ వైపే చూపిస్తుంది. రెండు, ఆరబెట్టి గాస్కెట్లు (నీళ్లు ఆపే రబ్బరు చుట్లు) మార్చాక ఒత్తిడి పరీక్ష, ఆవిరి పరీక్ష రెండూ చేయమనండి. ఆవిరి పరీక్షలో వాచీని 40 నుంచి 45 డిగ్రీల వేడి పలక మీద ఉంచి, అద్దం మీద మామూలు చల్లదనం ఉన్న నీటి చుక్క వేసి, ఒక నిమిషం తర్వాత తుడుస్తారు. లోపలి వైపు మంచు పడితే ఇంకా తడి ఉన్నట్టు. మన నల్లగొండ, పాలమూరు ఎండాకాలపు మధ్యాహ్నాలకు వేడి పలక కూడా అక్కర్లేదనుకోండి, అయినా చేయించాల్సింది పరికరంతోనే.

ప్రశ్న (నల్లగొండ): స్విస్ క్వార్ట్జ్ వాచీకి సెల్లు వేయిస్తే రెండు నెలల్లో రెండుసార్లు ఆగింది. చేత్తో తడితే నడుస్తది. వెనక మూత మీద గీతలు కూడా పడ్డయి.

జవాబు: తడితే నడుస్తోందంటే సెల్లుకు, మిషన్‌కు నడుమ తాకిడి సరిగ్గా లేదు. బహుశా సెల్లు మందం తప్పింది. 377 అనే సెల్లు, 364 అనే సెల్లు రెండూ 6.8 మి.మీ. వెడల్పే. మందం మాత్రం 377కు 2.6, 364కు 2.1. పెద్దది దొరక్క చిన్నది వేసి కింద మడిచిన కాగితమో రేకు ముక్కో పెట్టి మూత వేసేవాళ్లున్నారు. అరమిల్లీమీటరు సందు కదా అని చులకన చేస్తారు గాని వాచీ ఆగడానికి అది చాలు. మూత తీయించి సెల్లు మీది నంబరు, మిషన్ మీద చెక్కిన నంబరు రెండూ చూడమనండి. ఎస్ఆర్‌తో మొదలయ్యే నంబరైతే సిల్వర్ ఆక్సైడ్ సెల్లు, 1.55 వోల్టులు చివరిదాకా నిలకడగా ఇస్తుంది. ఎల్ఆర్ అని ఉంటే ఆల్కలైన్, చవకది, కారే గుణం ఎక్కువ. లక్ష రూపాయల వాచీలో అది వేసే మొగోడు ఉన్నాడంటే నమ్మబుద్ధి కాదు, కానీ వేస్తారు.

మళ్లీ వేయించేటప్పుడు దగ్గర కూర్చొని చూడండి. సెల్లును ఇనుప చిమ్టాతో రెండు వైపులా పట్టుకుంటే అక్కడికక్కడే షార్ట్ అయి కొంత చార్జి పోతుంది, ప్లాస్టిక్ చిమ్టా వాడాలి. ఒట్టి వేళ్లతో ముట్టొద్దు. సెల్లు పక్కనే రాగి తీగ చుట్ట ఉంటుంది, తల వెంట్రుక కంటే సన్నది. స్క్రూ డ్రైవర్ ఒక్కసారి జారి దాన్ని గీరితే మిషనే మార్చాలి. కొన్ని సీకో మిషన్లలో సెల్లు వేశాక 'ఏసీ' అని రాసిన చోటును సెల్లు పై భాగంతో రెండు సెకన్లు కలపాలి, లేకుంటే వాచీ వింతగా ప్రవర్తిస్తుంది. గాస్కెట్ కొత్తది వేయాలి, కనీసం పాతదానికి సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. నొక్కి మూసే మూత అయితే దాని అంచున కీ పుల్ల కోసం చిన్న గంటు ఉంటుంది. అది సరిగ్గా కీ ఉన్న చోటికే రావాలి. తప్పు చోట పెట్టి అదిమితే పుల్ల వంగుతుంది, అద్దం పగిలిన సందర్భాలూ ఉన్నాయి. గీతలు పడింది మూత విప్పే మూడు కాళ్ల పానా జారడం వల్ల. మూత మీద టేపు అంటించి, వాచీని పట్టులో బిగించి తిప్పితే జారదు.

ఇంకో మాట. సెకన్ల ముల్లు రెండు సెకన్లకో నాలుగు సెకన్లకో ఒకసారి దూకుతుంటే సెల్లు అయిపోవచ్చిందని వాచీ చెబుతున్నట్టు, చెడిపోయినట్టు కాదు. ఆగిన సెల్లును మాత్రం నెలల తరబడి లోపల ఉంచొద్దు.

ప్రశ్న (జడ్చర్ల): డిస్‌ప్లేలో పెట్టిన పీసును పది శాతం తగ్గించి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: చైను వాచీ అయితే చూసి తీసుకోండి, తోలు బెల్టు అయితే కొత్త బెల్టు వేసి ఇమ్మనండి. ఎందరి చేతులకో కట్టి విప్పిన తోలుకు రెండో రంధ్రం దగ్గర మడత పడి ఉంటుంది. వారంటీ కార్డు మీద సీరియల్ నంబరు వాచీ మీది నంబరుతో కలవాలి, తేదీ మీరు కొన్న రోజుదే ఉండాలి.

ప్రశ్న (మహబూబ్‌నగర్): షోరూమ్‌లో చేరి నెలైంది. అమ్మకం మాటలు నేర్పించారు గాని వాచీని ఎట్లా పట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు. నిన్న ఒక కస్టమర్ ముందు వాచీ చెయ్యి జారింది, ట్రేలో పడింది కాబట్టి బతికిపోయిన.

జవాబు: తమ్మీ, నీ ప్రశ్న చాలామంది మేనేజర్లు వేసుకోవాల్సింది. ముందు నీ చేతులు చూసుకో. ఉంగరం, కడియం, సొంత వాచీ తీసెయ్. ఉక్కు కన్నా వజ్రం చాలా గట్టిది సరే, గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ లెక్కలో 9 ఉన్న నీలమణి అద్దం కూడా 10 ఉన్న వజ్రానికి గీత పడుతుంది. గాలిలో ఉండే ఇసుక దుమ్ము 7, స్టీలు అంతకన్నా మెత్తన. అంటే దుమ్ము పట్టిన గుడ్డతో స్టీలు కేసు తుడిస్తే నువ్వే గీతలు గీస్తున్నట్టు. మైక్రోఫైబర్ గుడ్డ రోజూ మార్చు, తుడిచే ముందు రబ్బరు గాలి బుడ్డితో ఊదు. నోటితో ఊదొద్దు.

వాచీని ఎప్పుడూ మెత్త ట్రే మీదే తెచ్చి, ట్రే మీదే చూపించు. గాజు కౌంటర్ మీద ఒట్టిగా పెట్టొద్దు, డయల్ కిందికి బోర్లించొద్దు. పట్టుకునేటప్పుడు చైను కొస పట్టి వేలాడదీయొద్దు, ఒక చెయ్యి కేసు పక్కల, ఇంకో చెయ్యి కింద. కస్టమర్ చేతికి కట్టాల్సి వస్తే ట్రే మీదనే కట్టు, ఆయన నిలబడి ఉంటే కూర్చోమను. కౌంటర్ ఎత్తు సుమారు మీటరు. దెబ్బ తట్టుకుంటుందని చెప్పే వాచీకి చేసే పరీక్ష కూడా చెక్క మీద మీటరు ఎత్తు నుంచి పడ్డంత దెబ్బే. నీ షోరూమ్ కింద ఉన్నది చెక్క కాదు, గ్రానైటో టైల్సో. లోపల ఊగే చక్రం ఇరుసు కొన మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే.

కస్టమర్ చేతికి గాజులు, కాశీతాడు, ఇంకో వాచీ ఉంటే మర్యాదగా తీయించు. 'అక్కా, వాచీ తగిలితే మీ గాజుకే గీత పడ్తది' అంటే ఎవరూ కాదనరు. శానిటైజర్ తడి ఆరనిదే వాచీ ముట్టొద్దు, తోలు బెల్టు మీద మచ్చ పడుతుంది. లాక్ మూసేటప్పుడు రెండు బటన్లు నొక్కి మూయి, బలవంతంగా అదమొద్దు. స్టాప్‌వాచ్ ఉన్న వాచీ చూపిస్తే నడుస్తుండగా సున్నాకు తెచ్చే బటన్ నొక్కొద్దు. ముందు ఆపు, తర్వాత సున్నాకు తే. ప్రత్యేకంగా అందుకోసమే చేసినవి తప్ప మిగతావాటిలో లోపలి మీట మీద భారం పడుతుంది. చేతితో కీ ఇచ్చే వాచీకి ముప్పై నలభై చుట్లు తిప్పాక గట్టిగా ఆగుతుంది, అక్కడ ఆగిపో. కస్టమర్ పోయాక కీ మర బిగించి ఉందో చూసి అప్పుడే లోపల పెట్టు.

పడింది కాబట్టి, ట్రేలోనే అయినా, ఆ వాచీ టైము ఒకరోజు చూసి పెట్టు, దాచకు. దాచిన వాచీ నాగర్‌కర్నూల్ ఉత్తరమై తిరిగొస్తుంది.

ప్రశ్న (దేవరకొండ): గీత పెట్టింది మీరేనంటే షాపువాళ్లు మాట వినడం లేదు. ఎక్కడికి పోవాలి?

జవాబు: షాపు దాటక ముందే ఫోటోలు తీసుకొని ఉంటే సగం గెలిచినట్టు. సర్వీస్‌కు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు (వాచీ తీసుకున్నట్టు షాపు ఇచ్చే కాగితం) మీద వాచీ అప్పటి పరిస్థితి, సీరియల్ నంబరు, కీ పనిచేస్తుందా, అద్దం మీద గీతలున్నాయా అన్నీ రాయించుకోండి. 'గీతలున్నవి' అని ముందే అచ్చేసిన కార్డులున్నాయి, ఆ గీతలెక్కడో చేత్తో రాయమనండి, లేకపోతే కొట్టేయించండి. ఫోన్‌లో మాటలాడి వదిలేయకుండా ఈమెయిల్ గాని రిజిస్టర్ పోస్టు గాని పంపండి.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. తెగకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌లో కేసు వేయొచ్చు. షాపు హైదరాబాద్‌లో ఉన్నా మీరు ఉండే చోటే వేయొచ్చు, దేవరకొండవాళ్లకు నల్లగొండ కమిషన్. చెల్లించిన ధర ఐదు లక్షల దాకా ఫీజు లేదు, 50 లక్షల దాకా జిల్లా కమిషనే వింటుంది. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. ఘటన జరిగిన రెండేళ్ల లోపు వేయాలి. లోపలి దెబ్బ గురించి అయితే మీ వాదన ఒక్కటే చాలదు, అధికారిక సర్వీస్ సెంటర్ రాసిచ్చిన పరీక్ష కాగితం జతచేయండి. బిల్లే లేకపోతే ఆ షాపులో కొన్నట్టు రుజువు చేయడం కష్టం, 'బిల్లు లేకుండా తగ్గించి ఇస్తం' అంటే ఒప్పుకోకండి.

ప్రశ్న (వనపర్తి): నాయన కట్టుకున్న హెచ్ఎంటీ జనతా. కీ ఇస్తే నడుస్తది. అద్దం మార్చమని ఇస్తే అడగకుండనే కేసుకు పాలిష్ పెట్టిండ్రు. ఇప్పుడు అంచుల్ల పసుపు రంగు తేలింది.

జవాబు: ఆ పసుపు ఇత్తడి. ఆ వాచీల్లో చాలావాటి కేసు ఇత్తడి మీద క్రోమ్ పూత. పూత పల్చన, పాలిష్ చక్రానికి అంచుల్లో ముందు లేచిపోతుంది. ఇంకా తుడిచే కొద్దీ ఇంకా పసుపు తేలుతుంది, ఇక పాలిష్ ముట్టించొద్దు. మళ్లీ క్రోమ్ వేయొచ్చు. దానికి మిషన్, డయల్, అద్దం అన్నీ తీసి ఒట్టి కేసు మాత్రమే పూతకు పంపాలి. మిషన్ లోపలుండగానే పూత నీళ్లలో ముంచే ఘనులకు ఇవ్వకండి. డయల్ పాతబడి మచ్చలున్నా కొత్తగా అచ్చు వేయించొద్దు, మీ నాయన చూసిన డయల్ అదే. పూత వేయించుకోకపోయినా నడకకు ఏమీ కాదు. చెమట తగిలే వెనక వైపు మాత్రం వారానికోసారి పొడి గుడ్డతో తుడవండి, ఇత్తడికి చిలుము పట్టేది అక్కడే.